స్టేజీ మీదకి సినిమా గెస్ట్ రాగానే కామిక్స్ టేబుల్ ఖాళీ. ఏం చేయాలి?

హైదరాబాద్‌లో జరిగే ఫ్యాన్ కన్వెన్షన్లలో (కామిక్స్, సినిమా అభిమానుల మేళాల్లో) టేబుల్ తీసుకుని నా సొంత తెలుగు కామిక్స్ అమ్ముతుంటాను. ఏ5 సైజు, 48 పేజీలు, ధర 250 రూపాయలు. పొద్దున 11 నుంచి 3 దాకా బేరం బాగానే ఉంటుంది. జనం నిలబడి పేజీలు తిప్పుతారు, బొమ్మలు ఎవరు వేశారని అడుగుతారు. నాలుగింటికి సినిమావాళ్లో యూట్యూబర్లో స్టేజీ ఎక్కారంటే హాలంతా అటే. ఆరు దాకా ఈగలు తోలుకోవడమే. అయిపోయాకైనా వస్తారా అంటే, అటు నుంచి అటే గేటు దాటేస్తారు.

స్టేజీకి దగ్గర్లో టేబుల్ అడిగి తీసుకున్నాను. స్పీకర్ల హోరులో ధర చెప్పినా వినపడలేదు, పైగా సెల్ఫీల క్యూ మా ముందే అడ్డంగా నిలబడింది. గెస్ట్ బొమ్మతో ప్రింట్లు పెడితే అవి అమ్ముడుపోయాయి, పుస్తకం మాత్రం కదల్లేదు. అదే టైంలో లైవ్ స్కెచింగ్ పెడితే పక్క టేబుల్ వాళ్లే చూశారు. కామిక్స్ వాళ్లకీ స్టేజీ మీద ఒక ప్యానెల్ (చర్చా కార్యక్రమం) ఇమ్మంటే ఆర్గనైజర్లు గేట్లు తెరిచీ తెరవగానే స్లాట్ ఇచ్చారు. కుర్చీలు విన్నాయి.

గెస్టులు వద్దనను, టికెట్లు తెగేది వాళ్ల వల్లే. 1970లో కామిక్స్ అభిమానులు మొదలుపెట్టిన అమెరికాలోని శాన్ డియేగో కన్వెన్షన్‌లోనే ఇప్పుడు సినిమా ప్యానెళ్లు జరిగే హాల్ హెచ్ క్యూలది హడావిడి, ఇక మనదెంత!

టేబుల్ పెట్టిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: స్టేజీ షో అయ్యాక బయటికి వెళ్లిపోయే జనాన్ని ఆపి కామిక్స్ పుస్తకం కొనిపించడానికి మీకు నిజంగా పనిచేసింది ఏమిటి?