మైక్రోఫైనాన్స్ సంస్థలపై పర్యవేక్షణ ఎవరి చేతిలో ఉండాలి?

ప్రశ్న (బోరబండ నుంచి):
మా పక్క వీధిలో ప్రతి మంగళవారం ఉదయం మైక్రోఫైనాన్స్ సంస్థ (పేద కుటుంబాలకు చిన్న అప్పులిచ్చే సంస్థ) దగ్గర అప్పు తీసుకున్న ఆడవాళ్ల గ్రూపు మీటింగ్ జరుగుతుంది. కట్టలేకపోయిన సభ్యురాలి కిస్తీని మిగతా ఆడవాళ్లు తలా కొంత వేసి పూడ్చేదాకా ఎవరినీ లేవనివ్వరు. ఇలాంటి సంస్థలను అదుపు చేయడానికి 2010లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన చట్టం ఆర్బీఐ వద్ద నమోదైన సంస్థలకు వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. మరి ఈ వసూళ్లను ఇప్పుడు గమనించేది ఎవరు? బంగ్లాదేశ్‌లో 2006 చట్టంతో ఏర్పడినట్లు మనకూ ప్రత్యేక నియంత్రణ సంస్థ అవసరమా?

జవాబు 1 (మాజీ బ్యాంకు ఉద్యోగి):
బాధ్యత ఆర్బీఐదేనండీ. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, ఏడాదికి మూడు లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ రుణం. ఆ కుటుంబం అన్ని అప్పులకూ కలిపి నెలనెలా కట్టేది నెల ఆదాయంలో సగం దాటకూడదు. అయితే ఆ ఆదాయాన్ని రాసుకునేది అప్పిచ్చే సంస్థ ఉద్యోగే. నెలకు ఎన్ని రుణాలు ఇప్పించాలో టార్గెట్ ఉన్న మనిషి, ఇళ్లలో పనిచేసే ఆమె సంపాదనను పది వేలకు బదులు పదహారు వేలని రాస్తే పరిమితి కాగితం మీదే మిగిలిపోతుంది. కొత్త సంస్థ కన్నా ముందు, తనిఖీకి వచ్చినవారు కొన్ని ఇళ్లకైనా వెళ్లి ఆ అంకెను సరిచూడడం ముఖ్యమని నా గట్టి నమ్మకం.

జవాబు 2 (పొదుపు సంఘాలతో పనిచేస్తున్నాను):
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ రాష్ట్రాన్ని పూర్తిగా పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ చట్టానికి ముందుగా వచ్చిన 2010 అక్టోబరు ఆర్డినెన్సు వారం వారం వసూళ్లను ఆపి, బలవంతపు వసూళ్లకు శిక్షలు పెట్టింది. ఆత్మహత్యల వార్తల మధ్య అది అవసరమైంది కూడా. కానీ ఆ తర్వాత తిరిగి చెల్లింపులు దాదాపు ఆగిపోయాయి, సంస్థలు కొత్త అప్పులు ఇవ్వడం మానేశాయి, చాలామంది వడ్డీ వ్యాపారుల గడప తొక్కారు. రుణాల షరతులు ఆర్బీఐ చూసుకోవాలి, వీధిలో బెదిరింపులను జిల్లా యంత్రాంగం, పోలీసులు చూడాలి. ఈ రెండూ ఒకరికొకరు సమాచారం ఇచ్చుకునే ఏర్పాటు లేకపోవడమే నాకు కనిపిస్తున్న లోటు.

జవాబు 3 (మాజీ బ్యాంకు ఉద్యోగి):
అది నిజమే. ప్రశ్న అడిగినవారికి ఒక మాట: ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు, అప్పు తీసుకున్నామె అనుకున్న చోటికి వరుసగా రెండుసార్లు రాకపోతేనే సిబ్బంది ఇంటికి వెళ్లవచ్చు. వడ్డీ, ఛార్జీలు అన్నీ కలిపి చూపే కాగితాన్ని ఆమెకు తెలిసిన భాషలో ఇవ్వాలి. ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయించండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే, ఫిర్యాదులు పరిష్కరించే అధికారి అయిన ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. లోన్ కార్డు ఫొటో తీసి ఉంచుకోమని చెప్పండి.