పాత నవలలు సగంలో ఆగిపోతున్నాయి, కొత్తవి వారానికే మర్చిపోతున్నాను. మీరెలా చదువుతారు?

పేజీమడత:

నేను సాహిత్యం చదువుకున్న మనిషిని కాను. పనులన్నీ అయ్యాక రాత్రి పడుకునే ముందు ఓ ముప్పావు గంట చదువుతాను, అంతే. మూడేళ్ల కిందట, అందరూ గొప్పవని చెప్పే నవలలు ఒక్కొక్కటే చదవాలని మొదలుపెట్టాను. అలసట వచ్చినప్పుడు మధ్యమధ్యలో ఈ కాలపు నవలలు చదువుతుంటాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే బాధగా ఉంది. పాతవి సగంలో ఆగిపోతున్నాయి. కొత్తవి చకచకా అయిపోతున్నాయి గానీ వారం తిరిగేసరికి పాత్రల పేర్లు కూడా గుర్తుండటం లేదు.

పూర్తి చేసిన పాతవాటిలో నాకు బాగా నచ్చింది దొస్తొయెవ్‌స్కీ 'నేరం-శిక్ష'. దాన్ని ఎందుకు వదల్లేకపోయానో నాకు బాగా తెలుసు. రాస్కోల్నికోవ్ తన ఇంటి గేటు దగ్గర్నుంచి ఆ తాకట్టు ముసలమ్మ ఇంటికి ఎన్ని అడుగులో ముందే లెక్కపెట్టుకుని ఉంటాడు. 730. కోటు లోపల, ఎడమ చంక కింద, గొడ్డలి తగిలించుకోవడానికి గుడ్డ పేలికతో ఒక ఉచ్చు కుట్టుకుంటాడు. హత్య అయిపోయాక తలుపు అవతల ఇద్దరు నిలబడి గంట లాగుతుంటారు. ఇవతల ఇతను గొడ్డలి పట్టుకుని, తలుపు కుదుపుకి ఎగిరెగిరి పడుతున్న కొక్కెం వైపే చూస్తుంటాడు. ఆ పేజీలు ఊపిరి బిగబట్టి చదివాను. వాడు హంతకుడని తెలిసి కూడా ఆ కొక్కెం ఊడకూడదని కోరుకున్నాను. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, అలా కోరుకున్నందుకే.

అదే ఊపులో టాల్‌స్టాయ్ 'అన్నా కరేనినా' ఎత్తుకున్నాను. రెండో భాగంలోనే ఆగిపోయాను. ఎవరు ఎవరి చెల్లెలో, ఎవరికి ఎవరి మీద మనసుందో తెలుసుకోవడానికే పది పేజీలు వెనక్కి వెళ్లాల్సి వచ్చేది. మెల్విల్ 'మోబీ డిక్' 32వ అధ్యాయం దగ్గర ఆగింది. తిమింగలాలను పుస్తకాల సైజుల్లాగా ఫోలియో, ఆక్టేవో అని విడదీసే అధ్యాయం అది. అంతకుముందు ఇష్మయేల్, క్వీక్వెగ్ ఒకే మంచం పంచుకోవాల్సి వచ్చి, భయంతో మొదలై స్నేహితులయ్యే భాగం ఎంత బాగుందో! ఆ ఇద్దరి కోసమే అంతదూరం వెళ్లాను.

కొత్తవాటిలో ఇషిగురో 'నెవర్ లెట్ మి గో' మాత్రం నాతో ఉండిపోయింది. క్యాథీ అనే చిన్నపిల్ల దిండుని బిడ్డలా గుండెకి హత్తుకుని, క్యాసెట్‌లో పాటకి ఒంటరిగా ఊగుతుంటుంది. తల తిప్పి చూస్తే గుమ్మం అవతల ఒక పెద్దావిడ నిలబడి ఏడుస్తుంటుంది. ఎందుకు ఏడ్చిందో చివర్లో గానీ తెలియదు, తెలిశాక మనం కూడా తట్టుకోలేం. దాని తర్వాత కనీసం పది కొత్త నవలలు చదివి ఉంటాను. ఇలాంటి దృశ్యం ఒక్కటీ గుర్తు రావడం లేదు.

లోపం నా చదువులో ఉందా, పుస్తకాల్లో ఉందా? పాతవి పూర్తి చేయడానికి, కొత్తవి గుర్తుంచుకోవడానికి మీరేం చేస్తారు? నిజంగా సాయం కావాలి.

నెమ్మదిగా:

మీరు 'అన్నా కరేనినా' దగ్గర ఎందుకు ఆగారో నాకు అర్థమైంది, నేనూ రెండుసార్లు అక్కడే ఆగాను. మొదటి అడ్డంకి పేర్లు. స్తీవా, ఒబ్లోన్‌స్కీ, స్తెపాన్ ఆర్కాదియెవిచ్ అని ముగ్గురున్నారనుకుంటాం. ఉన్నది ఒక్కడే, అన్నాకి అన్నయ్య. ఇంట్లో వాళ్లు ఒక పేరుతో పిలుస్తారు, బయటివాళ్లు తండ్రి పేరు కలిపి గౌరవంగా పిలుస్తారు, రచయిత ఒక్కోచోట ఇంటిపేరు వాడతాడు. డాలీ, దార్యా అలెగ్జాండ్రొవ్నా కూడా ఒక్కరే, అతని భార్య. మూడోసారి మొదలుపెట్టినప్పుడు ఒక కాగితం మీద ఇంటికొక గీత గీసి పేర్లు రాసుకుని పుస్తకంలో పెట్టుకున్నాను. 60 పేజీలయ్యాక ఆ కాగితం అవసరం రాలేదు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ నవల ఒకేసారి చదవమని రాసింది కాదు. 1875 నుంచి 1877 దాకా రష్యన్ మెసెంజర్ అనే పత్రికలో విడతలుగా వచ్చింది. 'నేరం-శిక్ష' కూడా అదే పత్రికలో, 1866లో. అప్పటి పాఠకులు ఒక విడత చదివి, దాని గురించి మాట్లాడుకుని, తర్వాతి దానికోసం ఎదురుచూసేవాళ్లు. మనమేమో 800 పేజీలు ముందేసుకుని, ఇంకా ఎన్ని మిగిలాయో చూసుకుంటూ టెన్షన్ పడతాం. ఆ నవల ఎనిమిది భాగాలు. ఒక భాగం చదివి వారం రోజులు పక్కన పెట్టండి, ఆ వారం వేరేది చదవండి. మళ్లీ తెరిచేటప్పటికి వాళ్లు ఏమయ్యారో అన్న ఆరాటం వస్తుంది. నేను అలాగే పూర్తి చేశాను.

ఇంకోటి, అన్నా మనకి కనిపించేదే మొదటి భాగం 18వ అధ్యాయంలో, రైల్వే స్టేషన్‌లో. పేరు ఆమెది కదా అని మొదటి పేజీ నుంచి ఆమె కోసం వెతికితే నిరాశ తప్పదు. పల్లెలో పొలాలు చూసుకునే లెవిన్‌ని పట్టుకోండి. మూడో భాగంలో అతను రైతులతో కలిసి గడ్డి కోసే అధ్యాయాలు వస్తాయి. దయచేసి అక్కడిదాకా వెళ్లండి. అది చదివాక కూడా వద్దనిపిస్తే ఆపేయండి, నేనేమీ అనను.

సగం_పుస్తకం:

నేను వేరేలా అంటాను. పూర్తి చేయాలన్న పట్టుదలే వదిలేయండి. మీరు ఇష్మయేల్, క్వీక్వెగ్‌ల కోసం చదివారు, వాళ్లు దొరికారు. అది చదవడం కాదా? నా దగ్గర ఉన్న 'మోబీ డిక్' మొత్తం 135 అధ్యాయాల్లో నేను చదివింది సగమే ఉంటుంది, అదీ వరసగా కాదు. ఆ తిమింగలాల వేట ఓడ కెప్టెన్ ఏహాబ్ మొదటిసారి డెక్ మీద కనబడే 28వ అధ్యాయం మాత్రం నాలుగుసార్లు చదివాను. అన్ని అధ్యాయాల పాటు అతని గురించి వింటూ వచ్చి, చివరికి తిమింగలం దవడ ఎముకతో చేసిన కాలు మీద నిటారుగా నిలబడ్డ ఆ మనిషిని చూడటం మామూలు అనుభవం కాదు.

కొత్త పుస్తకాలు గుర్తుండటం లేదని వాటిని తక్కువ చేయడం కూడా నాకు న్యాయంగా అనిపించదు. 'మోబీ డిక్' 1851లో వచ్చినప్పుడు సరిగ్గా అమ్ముడుపోలేదు. 1891లో మెల్విల్ చనిపోయేనాటికి ఆయన్ని లోకం దాదాపు మర్చిపోయింది. 1920లలో గానీ మళ్లీ ఎవరూ చేతికి తీసుకోలేదు. మీరు మర్చిపోయిన పదింటిలో ఏది వందేళ్లు ఉంటుందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? పాతవి కాలం వడగట్టి ఇచ్చినవి. కొత్తవి మనమే వడగట్టుకోవాలి, అందుకే ఎక్కువ జారిపోతాయి.

మన 'కన్యాశుల్కం' విషయంలో కూడా నాకు ఇలాగే జరిగింది. మనసులో చదువుకుంటే మూడుసార్లూ మొదటి అంకంలోనే ఆగిపోయాను. మాటలు కంటికి కొత్తగా, బరువుగా అనిపించాయి. మా అక్క "అది నాటకం రా, పైకి చదువు" అని పుస్తకం లాక్కుని గిరీశం మాటలు గట్టిగా చదివింది. అప్పటిదాకా కాగితం మీద చచ్చుబడి ఉన్న మనిషి ఒక్కసారి గదిలోకి వచ్చినట్టయింది. ఆ తర్వాత మధురవాణి నేను, మిగతా అందరూ అక్క. గురజాడ దాన్ని 1897లో అచ్చువేసి, అంతటితో ఊరుకోకుండా బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. మధురవాణి మాట్లాడే ప్రతిచోటా ఆ శ్రమ వినపడుతుంది నాకు.

పేజీమడత:

నెమ్మదిగా గారూ, ఒబ్లోన్‌స్కీ, స్తీవా ఒక్కరేనా! నేను ఇద్దరనుకుని చదివాను. కాగితం ఇవాళే మొదలుపెడతాను.

సగం_పుస్తకం గారూ, మీ మాట ఆలోచింపజేసింది. కానీ నాకు పూర్తి చేయాలనే ఉంది. పట్టుదల కోసం కాదు. 'నేరం-శిక్ష' చివర్లో సోన్యా రాస్కోల్నికోవ్ వెంట సైబీరియా దాకా వెళ్తుందని ముందు సగంలోనే ఆగిపోయి ఉంటే నాకు తెలిసేది కాదు. ఆగిపోయిన ప్రతిదాంట్లో అలాంటిది ఏదో నాకు అందకుండా ఉండిపోయిందన్న దిగులు.

రెండోసారి:

కొత్తవి మర్చిపోవడం గురించి చెప్తాను, నాకూ అదే జబ్బు ఉండేది. క్లేర్ కీగన్ 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్' 2021లో వచ్చింది. చాలా చిన్న పుస్తకం, ఒక్క సాయంత్రంలో అయిపోయింది. బాగుంది అనుకుని షెల్ఫులో పెట్టేశాను. నెల తర్వాత ఒక స్నేహితురాలు కథ అడిగితే బొగ్గు వ్యాపారి అన్న ఒక్క ముక్క తప్ప నోట మాట రాలేదు. సిగ్గేసి ఆ రాత్రే మళ్లీ తెరిచాను.

రెండోసారి చదివితే అది వేరే పుస్తకం. 1985, క్రిస్మస్ ముందు రోజులు, ఐర్లండ్. బిల్ ఫర్లాంగ్ కాన్వెంటుకి బొగ్గు వేయడానికి వెళ్లి, బొగ్గుల కొట్టంలో తాళం వేసి ఉంచిన ఒక అమ్మాయిని చూస్తాడు. మదర్ సుపీరియర్ అతన్ని లోపల కూర్చోబెట్టి టీ ఇప్పించి, పండగ కవరులో డబ్బు పెట్టి చేతికిస్తుంది. అతను తీసుకుంటాడు. మొదటిసారి ఆ కవరుని నేను చూడనే లేదు, తర్వాత ఏమవుతుందా అని పరిగెత్తాను. రెండోసారి అక్కడే ఆగిపోయాను. ఐదుగురు ఆడపిల్లల తండ్రి, వాళ్ల చదువు ఆ నన్‌ల దయ మీద ఉంది, ఆ కవరు వద్దనడం ఎంత కష్టమో అప్పుడర్థమైంది. ఆ తర్వాత అతను చేసే పని బరువు కూడా అప్పుడే తెలిసింది.

అప్పట్నుంచి నేను సంవత్సరానికి చదివే కొత్త పుస్తకాలు సగానికి తగ్గించేశాను. నచ్చినదాన్ని నెల లోపల రెండోసారి చదువుతాను. మీరు 'నెవర్ లెట్ మి గో' ఎన్నిసార్లు చదివారు?

పేజీమడత:

రెండుసార్లు. మీరు అడిగేదాకా నాకు తట్టలేదు. చివరికి వచ్చాక ఆ పెద్దావిడ ఎందుకు ఏడ్చిందో తెలిసి, మళ్లీ ఆ దిండు దృశ్యం కోసం వెనక్కి వెళ్లి, అక్కడ్నుంచి మొత్తం చదివాను. మిగతా పదీ ఒక్కోసారే.

పేజీమడత (మూడు వారాల తర్వాత):

చెప్పకుండా ఉండలేక వచ్చాను. పేర్ల కాగితం రాసుకున్నాను. మొదటి రెండు భాగాలు మళ్లీ మొదట్నుంచి చదివాను, ఒక్కో భాగం తర్వాత వారం ఆగాను. ఆగిన వారాల్లో డాలీ చెల్లెలు కిట్టీ ఏమైందో అని పనిలో ఉండగా కూడా గుర్తొచ్చేది.

నిన్న రాత్రి గడ్డి కోసే దగ్గరికి వచ్చాను. లెవిన్ మొదట తడబడతాడు, వెనకాల ఉన్నవాళ్లు చూస్తున్నారని సిగ్గుపడతాడు, తర్వాత మెల్లగా చేతిలో కొడవలి తనంతట తనే కోస్తున్నట్టు అయిపోతుంది. పక్కన ఒక ముసలాయన అంతే వేగంతో కోస్తూనే, గడ్డిలో పుట్టగొడుగు కనిపిస్తే వంగి తీసి, ఇంట్లో ముసల్దానికి అనుకుంటూ చొక్కా లోపల దాచుకుంటాడు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేశాను. ఇంకా చదవాలనిపించింది, కానీ ఆ ముసలాయనతోనే నిద్రపోవాలనిపించింది.