88 సెట్టుకి కన్వర్టర్ పెడితే తప్పా?

వాల్వుపిచ్చి: బ్రిటిష్ సైన్యం వాడిన వైర్‌లెస్ సెట్ 88 ఒకటి చేతికొచ్చింది, తర్వాత అక్కడి క్యాడెట్లూ మోసిన రకమే. 14 వాల్వులు (పాత రేడియోల్లోని గాజు గొట్టాలు), 4 ఛానళ్లు. హెచ్‌టీకి, అంటే వాల్వులకిచ్చే ఎక్కువ వోల్టేజీకి, 90 వోల్టులు, వాటిని వేడెక్కించే ఫిలమెంట్లకి 1.5 కావాలి. ఆ పాత బ్యాటరీ దొరకట్లేదు కాబట్టి మామూలు బ్యాటరీ వోల్టుల్ని ఇలా మార్చిచ్చే చిన్న కన్వర్టర్ ఒకటి బ్యాటరీ పౌచ్‌లో దాచేద్దామనుకుంటున్నా. సెట్టు జోలికి వెళ్లను. తప్పా?

పాత_క్యాడెట్: తప్పే. అప్పుడది 88 సెట్టు కాదు, 88 డబ్బా.

గ్రౌండ్‌వైర్: 9 వోల్టులవి పది సిరీస్‌లో కలుపు, 90 వస్తుంది. గొడవ వదిలిపోతుంది.

వాల్వుపిచ్చి: ప్రతిసారీ పది కొనాలా? అయినా ఒక్క వైరు కూడా కోయనప్పుడు ఏం పాడైందండీ?

పాత_క్యాడెట్: రొద. స్విచింగ్ కన్వర్టర్ హార్మోనిక్స్, అంటే దాని ఫ్రీక్వెన్సీకి రెట్లుగా పుట్టే సిగ్నళ్లు, రిసీవర్‌లోకి దూరతాయి.

వాల్వుపిచ్చి: షీల్డు పెడతా, ఫిల్టర్ పెడతా. పైగా ఇది ఎఫ్ఎం, సిగ్నల్ ఎత్తుపల్లాల్ని కోసేసి రొద తగ్గించే లిమిటర్ ఉంది.

పాత_క్యాడెట్: లిమిటరేమన్నా సర్వరోగ నివారిణా? సరిగ్గా మన ఛానల్ మీదే పడితే అదేం చేస్తుంది?

చెవులపిల్లి: మళ్లీ మొదలెట్టారు 😀

వాల్వుపిచ్చి: మీరు మోశారేమో గానీ మూత తీసి లోపల చూసినట్టు లేరు. మోసినంత మాత్రాన అన్నీ తెలుస్తాయా?

పాత_క్యాడెట్: అవును, మోశాను. ఒక పౌచ్‌లో సెట్టు, ఇంకో పౌచ్‌లో బ్యాటరీ, మధ్యలో కేబుల్, పాకుతుంటే అది ప్రతి కొమ్మకీ తగులుకునేది. ఒక రాత్రి ఎక్సర్‌సైజులో ప్రెసెల్ (మాట్లాడేటప్పుడు నొక్కే స్విచ్) నొక్కి పిలిస్తే అటు నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. బయల్దేరేముందు మీటరు పెట్టి చూశాను, 90 చూపించింది! పొద్దున్నే అందరి ముందూ నిలబెట్టి, నిద్రపోయావు కదా అన్నారు.

గ్రౌండ్‌వైర్: లోడు పెట్టి కొలవాలి. ముసలి బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు బాగానే చూపిస్తుంది, కరెంటు లాగగానే కూలబడుతుంది.

పాత_క్యాడెట్: ఇప్పుడు నాకూ తెలుసు. పదిహేనేళ్లవాడికి ఆ రోజు ఎవడు చెప్పాడు? నువ్వు కన్వర్టర్ పెట్టి గంటసేపు గలగలా మాట్లాడించి వీడియో పెడతావు. చూసినవాళ్లు ఏమనుకుంటారు? సెట్టు బంగారం, మోసినవాడే దద్దమ్మ అని.

వాల్వుపిచ్చి: ఇదా సంగతి... ముందే చెప్పొచ్చు కదండీ, మూడు రోజులు హార్మోనిక్స్ మీద కొట్టుకున్నాం. బ్యాటరీ మార్చానని వీడియోలో చెప్తాను.

పాత_క్యాడెట్: మొదట్లోనే చెప్పు, చివర్లో చిన్నక్షరాల్లో కాదు. రొద మాత్రం వస్తుంది, చూస్కో.