హోల్‌స్టర్ ముందుకు వాలాలా, నిటారుగా ఉండాలా?

కొత్త లైసెన్సు:
పిస్తోలు దాచి ధరించడానికి అనుమతి వచ్చింది. కుడి తుంటికి కాస్త వెనుకగా, ప్యాంటు లోపలి వైపు హోల్‌స్టర్ (పిస్తోలు ఉంచే తొడుగు) నిటారుగా పెట్టుకుంటున్నాను. నిలబడితే ఏమీ తెలియదు. వంగితే చాలు, పిడి చొక్కాను పొడుచుకొస్తోంది. పిడి ముందుకు వంగేలా వాల్చమని కొందరు, వాలిస్తే తీసేటప్పుడు చేయి తడబడుతుందని కొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

తుంటిపక్క:
వాల్చండి, సందేహం లేదు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పేరుతో వాడుకలో ఉన్న 15 డిగ్రీల వాలు ఇన్నేళ్లుగా ఊరికే నిలవలేదు. గొట్టం ప్యాంటులో ఉండిపోతుంది, అసలు తంటా అంతా పిడితోనే.

నిటారు:
నేను ఒప్పుకోను. వాలు పెరిగేకొద్దీ మణికట్టు వంచాల్సి వస్తుంది. మొదటి పట్టే సరిగ్గా పడకపోతే తర్వాత సర్దుకునే వ్యవధి ఉండదు. నేను పొట్ట ముందు, కాస్త కుడికి, నిటారుగా పెట్టుకుంటాను. హోల్‌స్టర్‌కు ఉన్న చిన్న రెక్క బెల్టును లోపలి నుంచి ఆనుకుని పిడిని ఒంటివైపు తిప్పుతుంది. వాలుతో పనే లేదు.

పాత బెల్టు:
మీరు మాట్లాడుతున్నది వేర్వేరు చోట్ల గురించి, అందుకే వాదన తెగడం లేదు. నడుమును గడియారం అనుకుంటే బొడ్డు దగ్గర 12, కుడి తుంటి దగ్గర 3. 'నిటారు' గారిది 1 దగ్గర, అడిగినవారిది 4 దగ్గర.

1 దగ్గర చేయి పైనుంచి సూటిగా దిగుతుంది, నిటారే మేలు. 3 దగ్గర 15 డిగ్రీలు పెడితే మణికట్టు మెలిక పడుతుందన్న మాట నిజం. 4 దగ్గర లెక్క మారిపోతుంది. నిటారుగా ఉన్న పిస్తోలు పిడి అడుగు వెనక్కి చూస్తుంది, వంగగానే చొక్కాను ఎత్తేది అదే. ముందుకు వాలిస్తే ఆ అడుగు పైకి తిరిగి ఒంటి వెంట ఒదుగుతుంది. తీసేటప్పుడు మోచేతిని అంతెత్తుకు లేపనక్కర్లేదు.

ఇక, తీయడం గురించే అందరూ రాశారు. తిరిగి పెట్టడమే నాకు భయం. నడుము వెనక్కి పోయేకొద్దీ హోల్‌స్టర్ నోరు కంటికి ఆనదు. చొక్కా అంచు ట్రిగ్గర్ గార్డ్‌లో, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కడ్డీలో, చిక్కితే పిస్తోలు పేలవచ్చు. ముందు పెట్టుకుంటే నోరు కనిపిస్తుంది, కానీ గొట్టం తొడవైపు ఉంటుంది. రెండు చోట్లా తొందర పనికిరాదు. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా, చొక్కా పూర్తిగా పక్కకు లాగి, మెల్లగా పెట్టాలి.

మీ హోల్‌స్టర్‌కు వాలు మార్చే మరలుంటే ఐదేసి డిగ్రీలు వాల్చుతూ చూడండి. పిస్తోలు ఖాళీ అని రెండుసార్లు సరిచూసుకోండి, తూటాలు వేరే గదిలో ఉండాలి. వంగండి, కూర్చోండి, చేయి పైకెత్తండి. 10 డిగ్రీల దగ్గరే పిడి దాగితే అక్కడే ఆపేయండి. బెల్టు మెత్తనిదైతే ఏ కోణమూ నిలవదు.

నిటారు:
తిరిగి పెట్టే విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ కారులో కూర్చుంటే 4 దగ్గరున్న పిస్తోలు ఒంటికీ సీటుకూ మధ్య నలుగుతుంది. ఏ వాలూ దాన్ని తప్పించలేదు.

పాత బెల్టు:
నిజమే. అయితే పొట్టి నడుమున్నవారికి ముందు పెట్టుకుంటే కూర్చున్నప్పుడు గొట్టం గజ్జల్లో గుచ్చుకుంటుంది. అడిగినవారు రోజులో ఎక్కువసేపు నిలబడి ఉంటారా, కూర్చుని ఉంటారా? అది చెబితే చోటు మార్చాలో, వాలు మార్చాలో తేల్చవచ్చు.