బావ జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టనంటున్నాడు. అడగడం నా తప్పా?

లారీబాబు:
నేను అమెరికా సిటిజన్‌ని, సొంత ట్రక్కు తోలతాను. మా ఆవిడ ఇండియాలో ఉంది. ఐ-130, అంటే ఆవిడ నా భార్య అని చూపే పిటిషన్, అయిపోయింది. ఇప్పుడు ఐ-864, అంటే ఆదాయం చూపించి ఆవిడ పోషణకు పూచీ పడే కాగితం, దగ్గర బండి ఆగింది. ఏడాదికి లక్ష డాలర్ల పైనే వసూలవుతాయి గానీ డీజిలు, ఇన్సూరెన్సు, రిపేర్లు తీసేస్తే పన్ను రిటర్ను 1040లో కనపడేది 18,000. ఇద్దరికి 2025 పట్టిక ప్రకారం 26,437 ఉండాలట. నా ఆదాయం చాలదు కాబట్టి నాతోపాటు పూచీ పడే జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టమని అక్క వాళ్లాయనను అడిగితే "చూద్దాంలే" అన్నాడు. ఇప్పుడు ఫోనే ఎత్తడు. నేను ఒక్క డాలరు కూడా అడగలేదు, సంతకమే కదా అడిగింది.

లెక్కలమాస్టారు:
బాబూ, లక్ష సంగతి మరిచిపో. వాళ్లు చూసేది మొత్తం వసూళ్లు కాదు, 1040లో తొమ్మిదో లైను. వ్యాపారం లెక్క రాసే షెడ్యూల్ సీలో ఖర్చులు పోగా మిగిలిందే అక్కడికి చేరుతుంది. పన్ను కట్టేటప్పుడు తక్కువ, స్పాన్సర్ చేసేటప్పుడు ఎక్కువ అంటే కుదరదు.
ఆదాయం చాలకపోతే ఆస్తి చూపించొచ్చు. భార్యకు స్పాన్సర్ చేసే సిటిజన్‌కు లోటుకు మూడు రెట్లు చాలు, మిగతా చాలామందికి అయిదు రెట్లు కావాలి. నీ లోటు 8,437, మూడు రెట్లు 25,311. ఊళ్లో స్థలం ఏమైనా ఉందా?

ఉత్తినే:
బావ ఎత్తకపోతే అక్కకు చెయ్యండి 😀

నిప్పుకోడి:
మీ బావకు నా దండం. నేనూ ఇలాగే "సంతకమే కదా" అనుకుని మా చిన్నమ్మ కొడుకు పెళ్లానికి పెట్టాను. వాళ్లు కొట్టుకుని విడిపోయారు. ఆమె లాయరు ఉత్తరం మాత్రం నాకొచ్చింది. విడాకులయినా ఐ-864 పోదు, తెలుసా ఎవరికైనా? వాళ్లిద్దరి కాపురానికి నేను జీవితాంతం జామీను!

గోదారమ్మాయి:
జీవితాంతం కాదండి. ఆమె సిటిజన్ అయితే పోతుంది. 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని ఆమె ఖాతాలో పడితే పోతుంది, పెళ్లి నిలిచి ఉన్నా, భర్త చనిపోయినా కాపురంలో ఆయన చేసిన పని కూడా అందులో కలుస్తుంది, విడాకులైతే కలవదు. గ్రీన్‌కార్డు వదిలేసి దేశం విడిచి వెళ్తే పోతుంది, చనిపోతే పోతుంది. విడాకులతో పోదన్నది మాత్రం నిజం. పెళ్లికి ముందు రాసుకున్న ఒప్పందంతో కూడా పోదని ఎర్లర్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ (ఫెడరల్ అప్పీలు) కోర్టు 2016లో తేల్చింది.

లెక్కలమాస్టారు:
స్థలం గురించి అడిగాను, జవాబు రాలేదు. ఏడాదిలోపు అమ్మి సొమ్ము చేసుకోగలిగినదై ఉండాలి. అప్పు ఉంటే తీసేసి లెక్కకట్టాలి. ఆవిడ పేరున ఉన్న ఆస్తి కూడా పనికొస్తుంది.

లారీబాబు:
ఉంది మాస్టారూ, కానీ అన్నదమ్ముల ఉమ్మడి.

లెక్కలమాస్టారు:
పంపకాలు కాలేదా? అయితే నీ వాటా ఎంతో కాగితం మీద చూపించాలి కదా!

నిప్పుకోడి:
ఇక్కడ మనిషి కొంప మునిగేది మాట్లాడుతుంటే ఈయనకు స్థలం గోల. గోదారమ్మాయి గారూ, మీరు చట్టం బాగా చదివారు. నా గోడు కూడా వినండి. ఆమెకు రెండు చేతులున్నాయి, చదువుంది. పని చేసుకోకుండా నా మీద ఎందుకు పడాలి?

గోదారమ్మాయి:
లియు కేసులో ఏడో సర్క్యూట్ 2012లోనే చెప్పింది, ఆమె ఉద్యోగం వెతుక్కోలేదన్న కారణంతో స్పాన్సర్ తప్పించుకోలేడని. అయినా అడిగే మొత్తమెంత? ఒక్క మనిషికి 2025 లెక్కన ఏడాదికి 19,562. అందులో ఆమె సంపాదన తీసేస్తారు. దాంతో ఎవరూ మేడలు కట్టరు.

నిప్పుకోడి:
మీ జేబులోంచి పోతే తెలుస్తుంది. ఇలాంటివాళ్లు గ్రీన్‌కార్డు కోసమే పెళ్లి చేసుకుంటారు.

గోదారమ్మాయి:
ఆ మాట వెనక్కి తీసుకోండి. నేనూ "ఇలాంటిదాన్నే". వచ్చిన కొత్తలో బ్యాంకు ఖాతా ఆయనదే, కారు ఆయనదే. ఓ రాత్రి తలుపు బయట నిలబెట్టారు. ఆ ఐ-864 నకలు నా దగ్గర ఉండబట్టే లాయరు నా మాట విన్నారు. 1996లో చట్టం తెచ్చినవాళ్లు సర్కారు ఖర్చు తప్పించుకోవడానికే తెచ్చారు, కాదనను. కానీ ఆ కాగితం తప్ప నాకు వేరే దిక్కు లేదు. మీరు సంతకం పెట్టింది మీ తమ్ముడి కోసం. బాధ్యత మాత్రం ఆమెకు మాటిచ్చినట్టు రాసుంది. అసలు ఆమెను ఒక్కసారైనా కలిశారా?

నిప్పుకోడి:
లేదు. ఫోటోలో చూశాను. నాకు కోపం ఆమె మీద కాదులెండి. వాడు "ఉత్త ఫార్మాలిటీ అన్నా" అని రెండు పేజీలు పట్టుకొచ్చి ఇక్కడ, ఇక్కడ అని వేలు పెట్టి చూపించాడు. ఇప్పుడు వాడు వేరే రాష్ట్రంలో హాయిగా ఉన్నాడు. లాయరుకు దొరికే అడ్రసు నాది.

గోదారమ్మాయి:
చట్టప్రకారం ఆయనా అంతే బాధ్యుడు. జాయింట్ స్పాన్సర్ ఉన్నా భర్త తన ఐ-864 తను వేయాల్సిందే. ఆయన్నీ లాగండి. నన్నెందుకు తిడతారు?
లారీబాబు గారూ, మీరు మీ బావకు ఏం చెప్పారు?

లారీబాబు:
ఉత్త ఫార్మాలిటీ అనే చెప్పాను.

ఉత్తినే:
😶

లెక్కలమాస్టారు:
అది సరే గానీ, మీ అమ్మానాన్నల గ్రీన్‌కార్డులకు స్పాన్సర్ ఎవరు?

లారీబాబు:
నేనే. అప్పట్లో ఉద్యోగం ఉండేది. ఇప్పుడు వాళ్లు ఇండియాలోనే ఎక్కువ ఉంటున్నారు, వచ్చిపోతుంటారు.

లెక్కలమాస్టారు:
అదీ సంగతి! కార్డులు చేతిలో ఉన్నంతవరకు వాళ్లిద్దరూ నీ లెక్కలోనే. నువ్వు ఇద్దరికి కాదు, నలుగురికి చూపించాలి. 2025 పట్టికలో అది 40,187. లోటు 22,187, మూడు రెట్లు 66,561. ఉమ్మడి స్థలంతో అయ్యే పని కాదు. వాళ్లు ఇక రామంటే ఐ-407 ఇచ్చి కార్డులు వదులుకోవాలి.

లారీబాబు:
అమ్మను కార్డు వదిలెయ్యమని నేనెలా అడుగుతాను?

నిప్పుకోడి:
బావను అడిగారుగా.

గోదారమ్మాయి:
బావనే అడగండి, కానీ ఫారం మొత్తం ముందు పెట్టి. మీ అమ్మానాన్నలు ఆయన లెక్కలోకి రారు. అక్క, ఇద్దరు పిల్లలు, మీ ఆవిడ ఆయనతో కలిపి అయిదుగురైతే 2025 లెక్కన 47,062 చాలు. వీసా వచ్చేలోపు మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు, ఆమె ఇక్కడ అడుగుపెట్టాక కుదరదు. అదీ చెప్పండి. మీ ఆవిడకు కూడా ఒక నకలు పంపండి.

లారీబాబు:
ఆవిడకెందుకండి? ఇప్పుడే విడాకుల కాగితం పంపినట్టుంటుంది.

గోదారమ్మాయి:
అందుకే పంపమంటున్నాను.