ముందు వేడెక్కిందా, ముందు గ్యాస్ పెరిగిందా? ఐస్ కోర్ చార్టు మీద ఒక తగువు

టెక్కలి మాస్టారు:
మా బడి సైన్స్ ఫెయిర్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు ఒక చార్టు పెట్టారు. అంటార్కిటికాలో డోమ్ సి అనే చోట మూడు కిలోమీటర్లకు పైగా లోతు నుంచి తీసిన ఐస్ కోర్, అంటే మంచు కడ్డీ, దాని గ్రాఫ్ అది. 8 లక్షల ఏళ్ళ లెక్క. ఎర్రగీత ఉష్ణోగ్రత, నీలం గీత గాలిలోని కార్బన్ డయాక్సైడ్. రెండూ జోడెద్దుల్లా కలిసి ఎక్కుతాయి, కలిసి దిగుతాయి. కింద స్కెచ్ పెన్నుతో "గ్యాస్ పెరిగినందువల్లే ప్రతిసారీ భూమి వేడెక్కింది" అని రాశారు.

ఒక పిల్లాడి నాన్న వచ్చారు. గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ పని ఆయనది. చార్టు మీద వేలు పెట్టి, "మాస్టారూ, ఈ గీతల్ని పెద్దవి చేసి సూడండి. ఎర్రది ముందు లేస్తంది, నీలంది దాని ఎనకాల. పిల్లలకి తలకిందులుగా సెప్తన్నారు" అన్నారు. అప్పటికి నవ్వేసి తప్పించుకున్నాను. ఇంటికొచ్చి చదివితే ఆయన మాట గాలి కబురు కాదని తేలింది. సుమారు 2 లక్షల 40 వేల ఏళ్ళ కిందట ఒక మంచుయుగం ముగిసినప్పుడు, అంటార్కిటికా వేడెక్కడం మొదలైన 800 ఏళ్ళకు గానీ గ్యాస్ పెరగలేదని 2003 నాటి ఒక పరిశోధన చెబుతోంది.

చార్టు ఉంచాలా, తీసేయాలా? మొహమాటం లేకుండా చెప్పండి.

వంశధార గట్టు:
తీసేయండి మాస్టారూ. కొడుకు పుట్టాక తండ్రి పుట్టాడన్నట్టుంది ఆ చార్టు. ఇంకో మాట. మూడు కిలోమీటర్ల మంచు కింద నలిగిన బుడగలో లక్షల ఏళ్ళ నాటి గాలి చెక్కుచెదరకుండా ఉంటుందంటే నేను నమ్మను. వాళ్ళే తవ్వి, వాళ్ళే కొలిచి, వాళ్ళే చెబుతారు.

ఐసు దిమ్మ:
నేను తగువుకి రాలేదు, డౌటు అడగడానికొచ్చాను. భావనపాడు వైపు ఐసు ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు పని చేశాను. రేకు డబ్బాలో నీళ్ళు పోసి ఉప్పునీళ్ళ తొట్టిలోకి దింపితే, పక్కల నుంచి లోపలికి గడ్డకడుతూ వస్తుంది. అంచులు అద్దంలా ఉంటాయి, నడిమధ్య మాత్రం పాలు పోసినట్టు తెల్లగా ఉంటుంది. ఆ తెలుపంతా బుడగలే. గడ్డకట్టేకొద్దీ నీళ్ళలోని గాలి మధ్యకి తోసుకుపోతుంది. మా దిమ్మలో గాలి బయటి గాలిలాగే ఉంటుందని నేనైతే చెప్పలేను. మరి వీళ్ళెలా చెబుతున్నారు?

చంపావతి:
విజయనగరం నుంచి. జియాలజీ చదివాను. ఐసు దిమ్మ గారూ, ఇంతవరకు ఇక్కడ అడిగిన వాటిలో మీ ప్రశ్నే అసలైంది.

అక్కడ నీళ్ళు గడ్డకట్టవండీ. మంచు దూదిలా రాలి పొర మీద పొర పేరుకుంటుంది, పైబరువుకి కింది పొర నలుగుతుంది. సుమారు 50 నుంచి 100 మీటర్ల లోతు దాకా సందుల్లోంచి గాలి తిరుగుతూనే ఉంటుంది. ఆ తరవాత సందులు మూసుకుని బుడగలవుతాయి. కాబట్టి అది నీళ్ళలో కరిగి బయటికొచ్చిన గాలి కాదు, ఆ కాలపు గాలే. ఇంకా లోతుకి పోతే ఒత్తిడికి బుడగలే కనబడవు, గాలి మంచు స్ఫటికాల్లోకి దూరిపోతుంది. కడ్డీని పైకి తీసి కొన్నాళ్ళుంచితే మళ్ళీ బుడగలు తేలతాయి. ల్యాబులో గాలి తీసేసిన పెట్టెలో ముక్కని నలగ్గొట్టి, బయటపడిన గాలిని కొలుస్తారు.

ఇక్కడే మెలిక. ఒకే ముక్కలో మంచు వయసు వేరు, గాలి వయసు వేరు. గాలే చిన్నది. అంటార్కిటికాలోనే మంచు బాగా తక్కువ కురిసే వోస్తోక్ లాంటి చోట ఆ తేడా కొన్ని వేల ఏళ్ళు. ఉష్ణోగ్రత తెలిసేది మంచులోంచి, గ్యాస్ తెలిసేది బుడగలోంచి. ఏది ముందన్న తగువులో చాలాభాగం ఈ తేడా లెక్క దగ్గరే. 2013లో ఇంకో బృందం లెక్క సరిచూస్తే, చివరి మంచుయుగం ముగింపులో అంటార్కిటికాలో రెండూ దాదాపు కలిసే పెరిగినట్టు వచ్చింది.

మంచు ఉష్ణోగ్రత ఎలా చెబుతుందంటారా? నీళ్ళలో బరువైన ఆక్సిజన్ ఉన్న అణువులు కొన్ని ఉంటాయి. చలి ఎక్కువయ్యేకొద్దీ కురిసే మంచులో వాటి పాలు తగ్గుతుంది. డాన్స్‌గార్డ్ అనే డెన్మార్క్ ఆయన 1952లో పెరట్లో బీరు సీసాకి గరాటు పెట్టి వానచుక్కలు పట్టి ఈ దారి కనిపెట్టాడు. బుడగల సంగతి క్లాడ్ లోరియస్ అనే ఫ్రెంచి ఆయనకి 1965లో అంటార్కిటికాలో తట్టింది, విస్కీ గ్లాసులో పాతమంచు ముక్క వేసుకుంటే అది చిటపటలాడుతూ గాలి వదలడం చూసి.

ఐసు దిమ్మ:
ఒకాయన బీరు సీసా, ఇంకొకాయన విస్కీ గ్లాసు. మాస్టారూ, ఈ ముక్క మాత్రం చార్టు మీద రాయించకండి.

వంశధార గట్టు:
2003 లెక్క నచ్చకపోతే 2013 లెక్క తెచ్చుకుంటారన్నమాట. సరే, గాలి పాతదేనని ఒప్పుకుంటాను. 800 ఏళ్ళు కాదు, 100 ఏళ్ళే అనుకుందాం. వెనకొచ్చింది వెనకొచ్చిందే కదా?

చంపావతి:
అవును, మొదలుపెట్టింది గ్యాస్ కాదు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి, ఒరుగు వేల ఏళ్ళ మీద కాస్త కాస్త మారతాయి. ఎండ పడే తీరు మారి వేడి మొదలవుతుంది. వేడెక్కిన సముద్రం, ఎండలో పెట్టిన సోడాలా, గ్యాస్ వదులుతుంది. ఆ గ్యాస్ వేడిని ఇంకా పెంచుతుంది. ఆ మార్పు పూర్తవడానికి వేల ఏళ్ళు పట్టింది, వెనకబాటు అందులో మొదటి కొన్ని వందల ఏళ్ళు మాత్రమే. అందుకే పిల్లలు రాసిన వాక్యం తప్పు, గీసిన గీతలు కరెక్టే.

పలాస జీడి:
మీ మంచు సంగతి నాకు తెలీదు గానీ వడ్డీ సంగతి తెలుసు. జీడిపిక్కల బట్టీ పెట్టి చేతులు కాల్చుకున్నవాణ్ణి. అప్పు ముందు, వడ్డీ తరవాత. వడ్డీ వెనకొచ్చింది కాబట్టి బాకీ పెరగడానికి దానితో సంబంధం లేదని షావుకారు దగ్గర అని చూడండి బావూ, ఏమంటాడో.

చంపావతి:
ఇది నాకు తట్టలేదు! ఇంకొక్కటి కలపండి. ఇప్పుడు ఎండ తీరు మారి సముద్రం గ్యాస్ వదలడం లేదు, మనం వదిలిన దాంట్లో కొంత అదే మింగుతోంది. అంటే ఈసారి అప్పు తీసుకోకుండానే వడ్డీ మనమే నోటు మీద రాసుకుంటున్నాం. 8 లక్షల ఏళ్ళలో ఆ గ్యాస్ పది లక్షల పాళ్ళ గాలిలో సుమారు 180 నుంచి 300 పాళ్ళ మధ్యే తిరిగింది. ఇప్పుడు 420 దాటింది.

పలాస జీడి:
వడ్డీ చెప్పినంత మాత్రాన మీ పక్షం అనుకోకండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. పొద్దున లేచి చూస్తే మా తోటలో జీడిచెట్లు వేళ్ళు పైకి పెట్టుకుని పడున్నాయి. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఎన్నేళ్ళో తెలుసు కదా. ఆ తుపాను గురించి మీ కడ్డీ ఏం చెప్పింది? అంటార్కిటికాలో మన స్థావరాలని మైత్రి అంటారు, భారతి అంటారు, అంత దూరం పోయి మన డబ్బు తగలెయ్యడం దేనికి?

చంపావతి:
తిత్లీ గురించి ఏమీ చెప్పదు. బంగాళాఖాతం తుపాన్లు అంటార్కిటికా మంచులో రాసి ఉండవు, ఉన్నాయని ఎవరన్నా అంటే మీరు వంశధార గట్టు గారి వైపు వెళ్ళిపోండి. మన వానల పాత కథకి గుహల్లో పెరిగే సున్నపురాతి కడ్డీలు నయం, బొర్రాలో చూశారు కదా, అలాంటివి. మేఘాలయలో మామ్లుహ్ గుహలోని కడ్డీలో 4,200 ఏళ్ళ కిందటి కరువు జాడ దొరికితే, అప్పటి నుంచి ఇప్పటిదాకా నడుస్తున్న భూయుగానికి 2018లో మేఘాలయ పేరే పెట్టారు. డబ్బు మాటకి నా దగ్గర జవాబు లేదండీ. చెట్లు పోయినవాళ్ళకి ధ్రువాల గురించి లెక్చరివ్వడం నాకు చేతకాదు.

వంశధార గట్టు:
నాది ఇంకో పాయింటు, దీనికి చెప్పండి. డోమ్ సి లాంటి చోట ఒక్కో ముక్కలో గాలి ఏ ఒక్క ఏడాదిదో కాదు, చాలా ఏళ్ళ గాలి కలిసిపోయి ఉంటుంది. పాతకాలంలో వందేళ్ళ పాటు గ్యాస్ పైకెగిసి దిగినా, ఆ ముక్కలో చదునైపోయి కనబడదు. మరి 300 ఎప్పుడూ దాటలేదని గుండె మీద చెయ్యేసుకుని ఎలా చెబుతారు?

చంపావతి:
ఇది గట్టి పాయింటు. వెంటనే కాదనలేను. నిజంగానే పాత ముక్కల్లో చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళు చదునైపోతాయి. కాకపోతే 120 పాళ్ళ ఎగుడు వందేళ్ళలో దిగిపోదు, ఆ గ్యాస్‌లో కొంత వేల ఏళ్ళు గాలిలో ఉండిపోతుంది, కాబట్టి మసగ్గానైనా గుర్తు మిగలాలి. అంటార్కిటికాలోనే మంచు బాగా కురిసే లా డోమ్ అనే చోట దగ్గరి కాలం స్పష్టంగా దొరుకుతుంది. 1958 నుంచి హవాయిలో నేరుగా గాలిని కొలుస్తున్నారు కదా, ఆ అంకెలూ లా డోమ్ బుడగల అంకెలూ సరిపోయాయి.

వంశధార గట్టు:
"మిగలాలి" అన్నారు, "మిగిలింది" అనలేదు. అది గుర్తుంచుకుంటాను.

టెక్కలి మాస్టారు:
చార్టు ఉంచుతున్నాను, కింద వాక్యం కొట్టేయమన్నాను. కొట్టేస్తే మార్కులు తగ్గుతాయా సార్ అని అడిగారు వెధవలు. ఆ నాన్నగారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. గ్యాస్ గురించి ఒక్క మాట అడగలేదు. "అంత లోతు మంచులో బోరేస్తే కన్నం మూసుకుపోదా, రాడ్డు ఇరుక్కోదా?" అన్నారు.

చంపావతి:
మూసుకుపోతుంది. ఆ బరువుకి మంచు మెల్లగా లోపలికి ఒరుసుకొస్తుంది. అందుకే వోస్తోక్‌లో కన్నం నిండా కిరోసిన్ కలిపిన ద్రవం నింపి, 3,623 మీటర్ల దాకా దిగారు.

టెక్కలి మాస్టారు:
చెప్పాను. "కిరోసిన్‌లో నానిన మంచుతో లెక్కలా?" అని నవ్వారు.

చంపావతి:
పైపొర చెక్కేసి లోపలిదే వాడతారని చెప్పండి.

ఐసు దిమ్మ:
మాస్టారూ, ఆయన్నీ పిల్లల్నీ ఆదివారం పొద్దున్నే తీసుకురండి. పాత స్నేహితులకి చెప్పి ఒక దిమ్మ పక్కన పెట్టిస్తాను, అడ్డంగా కోసి మధ్య తెలుపు చూపిద్దాం. రంపం మాత్రం ఆయన్నే తెచ్చుకోమనండి, మా దగ్గరున్నది తుప్పు పట్టింది.