సమస్య: చెప్పులోన దాగెఁ జిత్తవృత్తి

నిర్వాహకులు (తిరుపతి): ఇది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఐదు గణాలూ హగణాలే (గురువు, లఘువు), యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరానికి పొందిక) చె–జి. నిబంధన ఒక్కటే: మనిషి గుణాన్ని పేరు పెట్టి చెప్పకూడదు, కంటికి కనబడేదే చెప్పాలి.

పీలేరు కవి:
పిసినిగొట్టు వాడు పెన్నిధి యున్నను
పరుల కీయ డెపుడు పైసయైన
లోకమెల్ల నతని లోభిగాఁ దలచును
చెప్పులోన దాగెఁ జిత్తవృత్తి

నిర్వాహకులు: గణాలు, యతులు శుద్ధం. కానీ ఒకే మాట మూడు పాదాల్లో మూడుసార్లు వచ్చింది. మూడో పాదం దాకా చెప్పు ఊసే లేదు కాబట్టి సమస్య అతకలేదు, అంటించినట్టుంది. ఆ చెప్పు ఎలా ఉంటుందో చూపండి.

పీలేరు (సవరణ):
తెగిన వారు బిగియఁ దీగతోఁ గట్టెను
మడమ యరిగి కాలు మట్టి నంటె
పంచెబొడ్డులోనఁ బదివేల నోట్లుండె
చెప్పులోన దాగెఁ జిత్తవృత్తి

చంద్రగిరి: ఇదీ పూరణంటే! చెప్పు వారుకు (పట్టీకి) కట్టిన తీగ ఒక్కటే అయితే పేదవాడనుకుంటాం. బొడ్డులో నోట్లు కనబడ్డాకే తీగకు అర్థం మారింది. వాటిని మూడో పాదం దాకా దాచడం బాగుంది. ‘నోట్లుండె’ బదులు ‘రూకలుండె’ అంటే?

నిర్వాహకులు: కుదరదండీ. ‘రూకలుం’తోనే రగణం (గురువు, లఘువు, గురువు) నిండింది, ‘డె’ మిగిలిపోయి గణభంగం. ‘లోన’ మాత్రం వరుసగా రెండు పాదాల్లో పడింది. ‘బొడ్డునందుఁ’ అంటే సరి.

పుత్తూరు: అలిపిరి పాదాల మండపంలో స్వామి పాదుకలను తలకెత్తుకొని ప్రదక్షిణ చేస్తారు కదా, దాని మీద:
అలిపిరికడ భక్తుఁ డౌదలఁ దాల్చిన
పాదుకల బరువునఁ బట్టు సడల
వడఁకు నెడమచేయి, వదలదు కుడిచేయి
చెప్పులోన దాగెఁ జిత్తవృత్తి

నిర్వాహకులు: కాలికి తొడిగేది తలకెక్కింది, సమస్యలోని వింత ఇక్కడ విడిపోయింది. మూడో పాదం నాకు చాలా నచ్చింది. అయితే ‘భక్తుఁడు’ అని ముందే చెప్పేశాక కుడిచేతికి పనేం మిగిలింది? ‘వృద్ధుఁ డౌదలఁ’ అనండి. అదే హగణం, అ–ఔ యతి కూడా చెదరదు. వయసు వణికే చేతికి కారణమవుతుంది, భక్తిని పాఠకుడే పట్టుకుంటాడు.

చంద్రగిరి: పట్టు సడలాక ‘వదలదు’ అంటే పొసగుతుందా?

పుత్తూరు: సడలింది ఎడమచేతి పట్టండీ. ఆ వెంటనే ‘వడఁకు నెడమచేయి’ అని ఉంది. ‘వృద్ధుఁ డౌదలఁ’ అని మార్చుకుంటున్నాను.